చదివింది ఎవరికి చెప్పుకోవాలి?

ఈసారి ఉత్తరం ఒక స్కూల్ లైబ్రేరియన్ రాశారు. పేరూ ఊరూ బయటపెట్టొద్దన్నారు కాబట్టి కృష్ణా కాలువల పక్కన ఒక ఊరు అని మాత్రం చెబుతాను. చేత్తో ఆరు పేజీలు రాసి, ఫోటోలు తీసి పంపారు. అంతా ఇక్కడ పెట్టలేను, సంగతి అర్థమయ్యేంత వరకు చెబుతాను.

ఆవిడకి 43 ఏళ్ళు. లైబ్రరీ సైన్స్ చదివి, 11 ఏళ్ళుగా ఒక ప్రైవేటు హైస్కూల్లో పనిచేస్తున్నారు. నాలుగు బీరువాలు, రెండు పొడుగు బల్లలు, మూడు వేల పైచిలుకు పుస్తకాలు. టైమ్ టేబుల్లో ప్రతి సెక్షన్‌కీ వారానికో లైబ్రరీ పీరియడ్ ఉంది. తొమ్మిది, పది క్లాసుల పీరియడ్ మాత్రం చాలా వారాలు లెక్కల సార్ తీసుకుంటారు, సిలబస్ అవలేదని. వచ్చిన పిల్లలు కూడా పుస్తకం ముందు పెట్టుకుని నిన్న చూసిన రీల్స్ గురించి మాట్లాడుకుంటారట.

వాళ్ళలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి వేరు. వారానికి రెండు పుస్తకాలు తీసుకెళ్ళేది. కరోనా అప్పుడు ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న పాత ఫోన్ ఇంట్లో ఉంటే, అందులో ఇన్‌స్టాగ్రామ్ అకౌంట్ తెరిచి, చదివిన పుస్తకాల గురించి రాయడం మొదలుపెట్టింది. ఇంట్లో తెలియదు. లైబ్రరీ మేడమ్‌కి మాత్రం చూపించింది. డాబా మీద ఆరబెట్టిన వడియాల పక్కన పుస్తకం తెరిచి పెట్టి తీసిన ఫోటో, దాని కింద నాలుగు లైన్లు. ఒకటి ఆవిడ ఉత్తరంలో ఎత్తి రాశారు: "ఈ కథలో తాత పోయే ముందు కిటికీ తెరవమంటాడు. మా తాతయ్య కూడా అడిగాడు. ఏసీ వేసి ఉందని మేం తెరవలేదు." ఆవిడ అది చదివి ఏడ్చారట. బాగా రాస్తున్నావు, ఆపకు అని చెప్పారు. ఇంట్లో చెప్పావా అని ఒకసారి అడిగారు, చెబుతానంది, మళ్ళీ అడగలేదు. అలా మూడు నెలలు.

ఆ తర్వాత ఎవరో తెలియని మనిషి మెసేజ్ పెట్టాడు. మీ స్కూల్ నాకు తెలుసు, నువ్వు ఏ సెక్షన్ అని. స్కూల్ పేరు ఎలా తెలిసిందయ్యా అంటే, ఫోటోలో తెరిచి ఉన్న పేజీ మీద లైబ్రరీ ముద్ర. తల్లి అది చూసింది. టైలరింగ్ చేసుకునే మనిషి, భర్త దూరాన పనిలో ఉన్నాడు, పొద్దున్నే మిషన్ ఆపి స్కూలుకొచ్చి ఆఫీసులో గట్టిగా అడిగింది. అమ్మాయి భయపడి "లైబ్రరీ మేడమ్‌కి తెలుసు" అంది. కరస్పాండెంట్ గారు వారంలో వివరణ రాసివ్వమన్నారు. అంతకు పది రోజుల ముందే ఆయన ఈవిడతో, పిల్లలు పుస్తకాలు చదువుతున్నట్టు రీల్స్ తీసి స్కూల్ పేజీకి పంపమ్మా, అడ్మిషన్లకి పనికొస్తాయి అని కూడా అన్నారు. అమ్మాయి ఇప్పుడు లైబ్రరీ వైపు రావడం లేదు. ఆమె పేరు మీద ఒక పుస్తకం ఇంకా వెనక్కి రాలేదు.

ఆవిడ అడిగినవి నాలుగు. వివరణలో ఏం రాయాలి. ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళాలా వద్దా. రీల్స్‌కి ఒప్పుకోవాలా. నాలుగోది చివర్లో రెండే వాక్యాల్లో రాశారు: "నేనే పావుగంట కుదురుగా చదవలేకపోతున్నాను, చెయ్యి ఫోన్ మీదకి పోతోంది. నాకు ఈ ఉద్యోగానికి అర్హత ఉందా?"

లైబ్రేరియన్ గారూ,

ముందు వివరణ సంగతి చూద్దాం, దానికి గడువుంది కాబట్టి. కానీ అది రాసే ముందు ఆ తల్లి వైపు నుంచి ఒకసారి చూడండి. మీ ఉత్తరంలో ఆవిడ ఆఫీసులో అన్న మాటలు ఒక పేజీ నిండా ఉన్నాయి, ఆవిడ పడ్డ భయం గురించి ఒక్క లైను ఉంది. ముక్కూ మొహం తెలియనివాడు తన కూతుర్ని నువ్వు ఏ సెక్షన్ అని అడిగాడు. ఆ సంగతి స్కూల్లో ఒకరికి తెలుసని, తనకి మాత్రమే తెలియదని ఆవిడకి అందరి ముందూ తెలిసింది. ఆ క్షణంలో ఎవరైనా అరుస్తారు. మీకూ ఒక కొడుకు ఉన్నాడని రాశారు కదా.

మీ తప్పు ఎక్కడుందో సూటిగా చెబుతాను, ఎందుకంటే మీరు ఉత్తరం అంతా వెతికింది దాన్నే. అమ్మాయి రాతని మెచ్చుకోవడం తప్పు కాదు, తప్పని ఎవరు అన్నా నమ్మకండి. 14 ఏళ్ళ పిల్ల ఇంట్లో తెలియకుండా అకౌంట్ నడుపుతోందని తెలిసి, ఒక్కసారి అడిగి ఊరుకోవడం తప్పు. ఇంకోటి, ఆ ఊదా రంగు ముద్ర మీరు రోజూ మీ చేత్తో వేసేదే, అందులో స్కూల్ పేరు, ఊరి పేరు ఉంటాయి, అది ఫోటోలో పడుతోందని గమనించగలిగే మనిషి ఆ స్కూల్లో మీరొక్కరే. గమనించలేదు. మీరు అక్షరాలు చూశారు, ఫోటో చూడలేదు. పుస్తకాల మనుషులకి ఇది జరుగుతుంది, నాకూ జరిగేదే.

ఇప్పుడు వివరణ. నాకేం తెలియదు అని రాయొచ్చు. మీవారు అలాగే రాయమంటున్నారని చెప్పారు, ఉద్యోగం పోతుందన్న ఆయన భయం అర్థమవుతుంది. అలా రాస్తే గొడవ తొందరగా చల్లారొచ్చు కూడా. కానీ అప్పుడు అబద్ధమాడింది ఆ అమ్మాయి అవుతుంది. ఇంట్లో ఒకసారి, స్కూల్లో ఒకసారి నిలబడి తిట్లు తిన్న పిల్లని మూడోసారి మీరు ఒంటరిని చేసినట్టు. పైగా ఆమె ఫోన్లో మీతో మాట్లాడిన మెసేజ్ ఒక్కటి ఉన్నా మీ మాట నిలబడదు. ఇంకో దారి, జరిగిందంతా రాసేయడం, అమ్మాయి మీతో చెప్పుకున్న ఇంటి విషయాలతో సహా. అది నిజాయితీగా కనిపిస్తుంది గానీ, ఆ కాగితం ఆఫీసులో ఎవరెవరి చేతుల్లో తిరుగుతుందో మీకు తెలియదు. తాతగారి కిటికీ సంగతి కరస్పాండెంట్ గారి ఫైల్లోకి వెళ్ళక్కర్లేదు.

నేనైతే నా వంతు వరకే రాస్తాను. ఫలానా నెలలో అకౌంట్ సంగతి నాకు తెలిసింది, రాసిన విషయం పుస్తకాల గురించే కాబట్టి ప్రోత్సహించాను, తల్లిదండ్రులకి చెప్పమని ఒకసారి అడిగాను, చెప్పిందో లేదో కనుక్కోలేదు, కనుక్కోవాల్సింది, ముద్ర కనబడుతోందన్నది గమనించలేదు. ఇకమీదట ఇలాంటిది తెలిస్తే వెంటనే క్లాస్ టీచర్‌కీ ఇంటికీ చెబుతాను. ఇంతే. ఒక పేజీ దాటొద్దు. తేదీ వేసి సంతకం పెట్టి, జిరాక్స్ మీ దగ్గర ఉంచుకోండి. దీనివల్ల నష్టం లేదని నేను చెప్పలేను. మెమో రావొచ్చు, ఇంక్రిమెంట్ ఆగొచ్చు, ప్రైవేటు స్కూళ్ళలో ఎలా ఉంటుందో మీకు నాకంటే బాగా తెలుసు. ఇంటి ఖర్చు మీ జీతం మీద ఎంత ఆధారపడి ఉందో మీరు రాయలేదు. అదే ఆధారమైతే, రాయడానికి ముందు ప్రిన్సిపాల్‌తో విడిగా కూర్చుని ఇలా రాయబోతున్నానని చెప్పండి. కాగితం చూసి ఉలిక్కిపడే మనిషి, ముందే మాట వింటే కాస్త మెత్తబడతారు.

ఇంటికి వెళ్ళాలా అంటే, చెప్పకుండా వెళ్ళొద్దు. అమ్మాయిని కలవడానికి అసలు వెళ్ళొద్దు. తల్లికి ఫోన్ చేసి, మీకు వీలైనప్పుడు పది నిమిషాలు మాట్లాడాలి, మీరు స్కూలుకి వస్తారా, నన్నే ఇంటికి రమ్మంటారా అని అడగండి. రావొద్దు అనొచ్చు. అప్పుడు ఊరుకోండి, నెల తర్వాత పేరెంట్స్ మీటింగ్‌లో ఎదురుపడితే నమస్కారం పెట్టి క్షమించమని ఒక్క మాట అనండి. రమ్మంటే మాత్రం, మీ అమ్మాయి ఎంత బాగా రాస్తుందో తెలుసా అని మొదలుపెట్టకండి. ఆ మాట మొదట్లో అంటే ఆవిడకి సమర్థించుకుంటున్నట్టే వినిపిస్తుంది. మీకు చెప్పాల్సింది, చెప్పలేదు, తప్పయింది అని ముందు అనండి. ఆ మెసేజ్ పెట్టినవాడి సంగతి అడగండి. మెసేజ్‌లు ఫోటో తీసి ఉంచుకున్నారా, వాణ్ణి బ్లాక్ చేశారా, మళ్ళీ ఇంకో పేరుతో వచ్చాడా. వస్తే 1098కి ఫోన్ చేయొచ్చని, అది పిల్లల కోసమే ఉన్న నంబరని చెప్పండి. ఆ భయం కాస్త తగ్గాక, అప్పుడు, ఆవిడకి వినాలని ఉంటే, తాతయ్య గురించి రాసినది చూపించండి. ఆ తాతయ్య ఆవిడకి తండ్రో మామగారో అయి ఉంటారు కదా. కూతురు ఇన్నాళ్ళూ ఆ కిటికీ సంగతి మనసులో మోస్తోందని బహుశా ఆవిడకీ తెలియదు.

ఆ నాలుగు లైన్లు నేనూ మళ్ళీ మళ్ళీ చదివాను. ఆ అమ్మాయి అవి ఇన్‌స్టాగ్రామ్‌లో ఎందుకు పెట్టింది? లైకుల కోసమే అనుకుంటే, పుస్తకాల గురించి రాసే 14 ఏళ్ళ పిల్లకి ఎన్ని లైకులొస్తాయి! మీరే రాశారు, 30 మంది ఫాలోవర్లని. మనసుకి తగిలింది ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. ఇంట్లో అమ్మ మిషన్ మీద ఉంటుంది, క్లాసులో పుస్తకం మాటెత్తితే నవ్వుతారు, మీ లైబ్రరీలో మాట్లాడితే 'నిశ్శబ్దం పాటించండి' అని బోర్డుంది. చెప్పుకోనిచ్చిన చోటు ఫోనొక్కటే. ఈ పిల్లలు పుస్తకం వదిలేసి ఫోన్ పట్టుకున్నారని మనం అంటాం. ఈ పిల్ల పుస్తకం చదివే ఫోన్ దగ్గరికి వెళ్ళింది. ఆ బోర్డు మీద కొంచెం ఆలోచించండి.

పిల్లల చదువుల మీద చేసే అసర్ 2024 సర్వే గ్రామాల్లో 14 నుంచి 16 ఏళ్ళ పిల్లల్ని అడిగింది. 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. అలా వచ్చినవాళ్ళలో, ముందు వారం రోజుల్లో చదువుకి సంబంధించిన పనికి ఫోన్ వాడామన్నవాళ్ళు 57 శాతం, సోషల్ మీడియాకి వాడామన్నవాళ్ళు 76 శాతం. రెండు పనులూ ఒకే ఫోన్లోనే కదా. హోంవర్క్ గ్రూపు చూడ్డానికి తెరిచిన ఫోన్ అరగంట తర్వాత ఎక్కడుంటుందో మన ఇళ్ళల్లో చూస్తూనే ఉన్నాం. రీల్‌కి మనం చేయాల్సిన పనేం లేదు, ఒకటి అయిపోతే ఇంకోటి దానంతట అదే వచ్చేస్తుంది. పుస్తకంలో మాత్రం మొదటి పది పేజీలు మనమే నడిచి వెళ్ళాలి, మనుషులు ఎవరెవరో గుర్తుపెట్టుకోవాలి, ఊరు ఊహించుకోవాలి. ఆ పది పేజీలు దాటించే మనిషి పక్కన ఉంటే పిల్లలు దాటుతారు. మీ ఉద్యోగం అదే అని నేననుకుంటున్నాను. పుస్తకం ఇచ్చి రిజిస్టర్లో రాసుకోవడం దాని తర్వాత.

మీరు చదువుకున్నదే గుర్తు చేస్తున్నాను. మన దేశంలో లైబ్రరీ సైన్స్‌కి పితామహుడనిపించుకున్న రంగనాథన్ గారు 1931లో రాసిన అయిదు సూత్రాల్లో రెండోది ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, మూడోది ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. పరీక్షకి బట్టీ పట్టి ఉంటారు. ఆయన 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్ కాకముందు ఏం చేసేవారో కూడా చదివే ఉంటారు, కాలేజీలో లెక్కలు చెప్పేవారు. ఈ ముక్క మీ లెక్కల సార్‌తో ఒకరోజు టీ దగ్గర చెప్పండి. పీరియడ్ మొత్తం వదలమని పోట్లాడితే ఆయన వదలరు, పదో తరగతి పరీక్షల టెన్షన్ ఆయన మీదే ఉంది. పావుగంట ఇవ్వమనండి. ఆ పావుగంట పిల్లలకి పుస్తకాలు పంచకండి, మీరే పైకి చదవండి. కథ మంచి పట్టు మీద ఉన్నప్పుడు ఆపేయండి, మిగతాది కావాలంటే బీరువాలో ఉందని చెప్పండి. ఆ వారం ఒక్కరొచ్చినా వచ్చినట్టే.

ఇక రీల్స్. కరస్పాండెంట్ గారు అడిగితే కాదనడం కష్టం. ఒప్పుకుని అడిగినట్టే తీసి పంపితే, పిల్లలు చదవని పుస్తకాలు పట్టుకుని నవ్వుతారు, అడ్మిషన్లకి పనికొస్తుందేమో గానీ మీ గదిలో అబద్ధం ఒకటి మొదలవుతుంది. పుస్తకం అంటే పట్టుకుని నిలబడేది అని ఆరో క్లాసు పిల్లలు నేర్చుకుంటారు. పూర్తిగా కాదంటే, వివరణ నడుస్తున్న ఈ సమయంలో, అది మీ మీద ఇంకో ఫిర్యాదు అవుతుంది. మధ్యలో ఒకటుంది, అది మీకు వివరణలో కూడా పనికొస్తుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళ లోపు అందరినీ పిల్లలుగానే లెక్కేస్తుంది, వాళ్ళ వివరాలు వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. మొన్న ఆ తల్లి అరిచింది సరిగ్గా దీని గురించే, నన్నడక్కుండా నా కూతురు ఇంటర్నెట్‌లో ఎలా ఉంది అని. రేపు స్కూల్ పేజీలో తన పిల్లాడి మొహం చూసి ఇంకో తల్లి అదే మాట అడిగితే ఆఫీసు దగ్గర కూడా సమాధానం ఉండాలి. ఇది వాదనగా చెప్పకండి. సార్, మొన్నటి గొడవ మళ్ళీ రాకుండా ఇలా చేద్దాం అని చెప్పండి: మొహాలు, యూనిఫాం బ్యాడ్జీలు, ముద్ర, ఏవీ కనబడకుండా, పిల్లల చేతులూ పేజీలూ మాత్రం తీస్తాను, వెనక పిల్లల గొంతుతో వాళ్ళు నిజంగా చదివిన కథలో నాలుగు వాక్యాలు, అదీ తల్లిదండ్రులు సంతకం పెట్టిన పిల్లలవే. ఒప్పుకుంటే మీకు నిజంగా చదివించే అవకాశం దొరికినట్టు. ఒప్పుకోకపోతే, కనీసం మీరు ముందే హెచ్చరించారన్న మాట ఉంటుంది. ఆ హెచ్చరిక కూడా కాగితం మీద ఉంటే మంచిది.

మీరు ఉత్తరంలో ఒకచోట, "ఫోన్లు లేని రోజుల్లో లైబ్రరీలు కళకళలాడేవి" అని రాశారు. కళకళలాడేవి నిజమే, కానీ ఊరికే కాదండీ. మీ కాలువల మీదే, 1935లో గ్రంథాలయ ఉద్యమకారుడు పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య తిప్పారు. అప్పుడు జనం పడవల్లో ప్రయాణం చేస్తూ గంటలు గంటలు కూర్చునేవాళ్ళు, ఆ గంటల్లోకి పుస్తకం తీసుకెళ్ళారు. జనం ఎక్కడ కూర్చుంటే పుస్తకం అక్కడికి వెళ్ళింది. ఈరోజు పిల్లలు కూర్చునే చోటు ఫోన్ అయితే, అక్కడికి వెళ్ళడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు పిల్లల కథలు ఉచితంగా ఉన్నాయి, ప్రింటు తీసుకోవచ్చు కూడా. తల్లుల వాట్సాప్ గ్రూపులో శనివారం సాయంత్రం ఒక కథ పెట్టి, ఇంట్లో చదివి వినిపించండి అని రాయండి. తల్లి ఫోన్, తల్లి చేతిలోనే, దాచుకోవాల్సిన పని లేదు.

లైబ్రరీలో ఒక చిన్న పని చేసి చూడండి, పైసా ఖర్చు లేదు. పుస్తకం వెనక అట్ట లోపల తేదీలు వేసే స్లిప్ ఉంటుంది కదా. మీ దగ్గర చాలా పుస్తకాల్లో ఆఖరి తేదీ 2019 అని బాధపడ్డారు. ఆ స్లిప్ ఎదురుగా ఇంకో తెల్ల కాగితం అంటించండి. చదివినవాళ్ళు అందులో రెండు మూడు లైన్లు రాయాలి, బాగుందనో బాగాలేదనో, ఎవరు గుర్తొచ్చారనో. పేరు రాయక్కర్లేదు, క్లాసు రాస్తే చాలు. తర్వాత తీసుకున్నవాళ్ళు దాని కింద జవాబు రాయొచ్చు. పిల్లలకి ఇన్‌స్టాగ్రామ్‌లో దొరికేదాంట్లో మంచి ముక్క ఇదే కదా, నేను రాస్తే ఎవరో చదువుతారు, తిరిగి ఏదో అంటారు. ఇక్కడ చదివేది పక్క సెక్షన్ పిల్లాడు, పైగా మీరు కూడా చూస్తుంటారు. కొందరు పిచ్చి రాతలు రాస్తారు, సినిమా హీరోల పేర్లు రాస్తారు, ఆ కాగితం తీసి ఇంకోటి అంటించండి, పెద్ద విషయం చేయకండి. నేను పాఠాలు చెప్పిన రోజుల్లో ఒక పిల్లాడు పుస్తకం మార్జిన్‌లో "ఇక్కడ ఏడుపొస్తుంది, జాగ్రత్త" అని పెన్సిల్‌తో రాస్తే నేను రబ్బరుతో చెరిపేయించాను. ఇప్పటికీ దానికి బాధపడుతుంటాను.

మీ నాలుగో ప్రశ్న. పావుగంట చదవలేకపోవడం అనర్హత అయితే, ఈ ఉత్తరం చదివేవాళ్ళలో సగం మందిమి ఎందుకూ అర్హులం కాము. మీకు వచ్చింది పిల్లలకి వచ్చిన కష్టమే, అందుకని వాళ్ళని చూసి ఈ తరం ఇంతే అనకుండా ఉండగలరు. మీరు రాత్రి పదిన్నరకి, పనులన్నీ అయ్యాక, మంచం మీద ఫోన్ పక్కన పెట్టుకుని నవల తెరుస్తున్నానన్నారు. ఆ వేళకి ఎవరూ చదవలేరండీ, నిద్ర వస్తుంది, లేదా చెయ్యి ఫోన్ మీదకే పోతుంది. ఇంటి దగ్గర ప్రస్తుతానికి వదిలేయండి. లైబ్రరీ పీరియడ్లో చదవండి. ఫోన్ సొరుగులో పెట్టి తాళం వేసి, పిల్లల బల్ల దగ్గరే కుర్చీ వేసుకుని, పిల్లల పుస్తకమే, బొమ్మలున్నదే, రోజుకి పది పేజీలు. 11 ఏళ్ళలో ఆ గదిలో మీరు కూర్చుని చదవడం పిల్లలెవరైనా చూశారా? ఉత్తరంలో ఎక్కడా ఆ మాట లేదు. రిజిస్టర్ రాయడం చూశారు, అట్టలు వేయడం చూశారు, సైలెన్స్ అనడం విన్నారు. మీరు నవ్వుకుంటూ పేజీ తిప్పితే ఏం చదువుతున్నారు మేడమ్ అని ఎవరో ఒకరు అడుగుతారు. యాజమాన్యం ఎవరైనా చూసి ఖాళీగా కూర్చున్నారు అనుకుంటారన్న భయం మీకుంటుంది. ప్రిన్సిపాల్‌కి ముందే చెప్పి పెట్టుకోండి.

ఆ అమ్మాయి గురించి ఒక్కటి. తను మళ్ళీ రాస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేం. కొన్నాళ్ళు రాయకపోవచ్చు. నోటుబుక్కులో రాసుకో అని మీరు కబురు పంపకండి, ఇంకొకరి చేత కూడా చెప్పించకండి, ఇప్పుడు మీ నుంచి ఏ కబురు వెళ్ళినా ఆ ఇంట్లో ఇంకో రహస్యంలా కనిపిస్తుంది. తల్లితో మాట్లాడాక, ఆవిడ సరేనంటే, అందరి ముందూ క్లాసులోనే పలకరించండి.

తన పేరు మీద ఉన్న పుస్తకం గడువు దాటి మూడు వారాలైందని, లిస్టులో పేరు పంపాలా అని బ్రాకెట్లో అడిగారు. పంపకండి, ఫైన్ వేయకండి. రిజిస్టర్లో ఆ లైను దగ్గర మీరే ఇంకో నెల పొడిగించి కొత్త తేదీ రాసేయండి. ఆ తెల్ల కాగితాలు అంటించేటప్పుడు, ఆ పుస్తకానిది కూడా ఒకటి కత్తిరించి సొరుగులో ఉంచుకోండి.